సీదా హాత్ ఎవరిది?

మా ఇంట్లో కుడిచెయ్యి 'సీదా హాత్', ఎడమచెయ్యి 'ఉల్టా హాత్'. ఉర్దూ మీడియం బడిలో కూర్చున్నాక కితాబుల్లో వాటికి దాయాఁ, బాయాఁ అనే పేర్లున్నాయని తెలిసింది. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక కుడి, ఎడమ నోటికి అలవాటయ్యాయి. రిపోర్టర్‌గా ఊళ్లు తిరుగుతుంటే రైతుల నోట వలపల, దాపల అని విన్నాను. కాడికి కుడిపక్కన కట్టింది వలపటెద్దు, ఎడమపక్కది దాపటెద్దు.

ఇన్ని జతల మాటలున్నా ఒకచోట మాత్రం అన్నీ తకరారులో పడతాయి. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడ్డచోట. నా సీదా నీకు ఉల్టా అవుతుంది. అరక వెనక నడిచే రైతూ, ముందున్న ఎద్దులూ ఒకే దిక్కు చూస్తారు కాబట్టి అక్కడ గొడవ లేదు. జమాత్‌లో ఇమామ్ సాబూ, వెనక సఫ్‌లన్నీ ఖిబ్లా వైపే చూస్తాయి కాబట్టి అక్కడా గొడవ లేదు. డ్రామాలో అట్లా కుదరదు. ఆడేవాళ్లు ఇటు చూస్తారు, చూసేవాళ్లు అటు చూస్తారు. 'కుడివైపు నడువు' అని ఎవరన్నా అంటే ఎవరి కుడి?

మా మొహల్లా పిల్లలకు ఇతవారం రోజు అసర్ తర్వాత డ్రామా నేర్పుతుంటాను. 14 మంది పిల్లలు, అయిదో జమాత్ నుంచి ఎనిమిది దాకా. కొందరు ఉర్దూ మీడియం, కొందరు తెలుగు మీడియం, మిగిలినవాళ్లు ఇంగ్లిష్ మీడియం. ఓ చిన్న బడివాళ్లు ఇచ్చిన హాలు, అందులో మోకాలెత్తు సిమెంటు గద్దె. మగ్రిబ్ అజాన్ వినిపిస్తే ఛుట్టీ. అందరికీ నేను 'చాచా'నే.

మొదటి రోజు డైలాగులు ఇయ్యను. పాత్రలు పంచను. 'సీదా హాత్ ఎవరిది?' అన్న ఒక్క సవాలు మీదే గంట గడుస్తుంది. జవాబు చిన్నదే. స్టేజీ మీద కుడి అంటే ఆడేవాడి కుడి. హాల్లో అయిదొందల మంది కూర్చుని 'అది ఎడమ' అనుకున్నా సరే, గద్దె మీద నిలబడి వాళ్ల వైపు చూస్తున్న పిల్లవాడి సీదా హాత్ ఏదో అదే 'స్టేజ్ రైట్'. దునియాలో ఏ థియేటర్‌కు పోయినా ఇంగ్లిష్‌లో స్టేజ్ రైట్ అంటే ఇదే.

పిల్లలు ముందు నమ్మరు. "చాచా, చూసేటోళ్లు టికెట్ కొనుక్కుంటరు కదా, వాళ్ల కుడి కాదా?" అని అడిగాడొకడు. మంచి సవాలే. నేను సలామ్ ఫేర్నా గుర్తు చేశాను. నమాజ్ ఆఖర్లో ముందు ఎటు తిరుగుతావు? సీదా వైపు. ఎవరి సీదా? నా సీదా. నువ్వు ఎక్కడ నిలబడ్డా, ఏ సఫ్‌లో ఉన్నా నీ కుడి నీతోనే ఉంటుంది. స్టేజీ మీద కూడా అంతే. (నమాజ్‌ను ఆటలో భాగం చేయించను. పెద్దల మనసు నొచ్చుకునే పని అది. దిక్కు గుర్తు చేయడానికి మాటల్లో తెస్తాను, అంతే.)

ఆడేవాడి కుడే ఎందుకు లెక్కలోకి తీసుకున్నారో కూడా చెప్పాలి. వజహ్ తెలియని కాయదా పిల్లల బుర్రలో నిలవదు. స్టేజీ మీదున్నవాడికి మాటలు గుర్తుండాలి, గొంతు పెగలాలి, కళ్లల్లో లైటు పడుతుంటుంది. వాడు మనసులో కుడిని ఎడమగా తిప్పుకునే హాలత్‌లో ఉండడు. డైరెక్టర్ కింద కుర్సీలో తాపీగా కూర్చుంటాడు. తిప్పుకునే కష్టం వాడే పడాలి. "బైఠే హుయే కా కామ్ హై, ఖడే హుయే కా నై" అంటే పిల్లలకు వెంటనే ఎక్కింది.

ఫ్రాన్స్‌వాళ్లు ఈ తకరార్‌నే లేకుండా చేసుకున్నారు. వాళ్ల థియేటర్‌లో కుడి ఎడమలు వాడరు. చూసేవాళ్లకు ఎడమన ఉన్నది 'తోట వైపు', కుడిన ఉన్నది 'ముంగిలి వైపు'. పారిస్‌లో తుయిలరీ మహల్‌లోని నాటకశాలకు ఒక పక్క తోట, ఇంకో పక్క ముంగిలి ఉండేవి. ఆ మహల్ ఇప్పుడు లేదు, పేర్లు మిగిలాయి. ఇది చెప్పగానే మా పిల్లలు మా గద్దెకూ పేర్లు పెట్టేశారు. ఒకటి 'మస్జిద్ వైపు', రెండోది 'గేటు వైపు'. రెండు వారాలు మస్తుగా నడిచింది. ఓ రోజు హాలు ఖాళీ లేక ఆరుబయట రిహార్సల్ పెట్టేసరికి మస్జిద్ వెనక్కి పోయింది, గేటు పత్తా లేదు. అప్పుడు తెలిసింది వాళ్లకు, ఎక్కడికి పోయినా వెంట వచ్చే కుడి ఎంత కామ్‌కొచ్చే చీజో.

ఇక రెండో సబక్. అప్‌స్టేజ్, డౌన్‌స్టేజ్. వెనక గోడ వైపు ఉన్నది 'అప్', చూసేవాళ్ల వైపు ఉన్నది 'డౌన్'. "పైకి పో" అనగానే పిల్లలు సీలింగ్ ఫ్యాన్ వైపు చూశారు. యూరప్‌లో పాతకాలం స్టేజీలు సాఫ్‌గా ఉండేవి కావు. వెనక కూర్చున్నవాళ్లకూ కనబడాలని గద్దెను వెనక ఎత్తుగా, ముందు పల్లంగా కట్టేవారు. వెనక్కి నడవడం అంటే నిజంగానే ఎక్కడం. ఇది మాటలతో చెబితే సరిపోదని ఓ తఖ్త్ తెప్పించాను. వెనక రెండు కాళ్ల కింద ఇటుకలు పెట్టి, మీద ఓ గోటీ వదిలాను. గోటీ దొర్లుకుంటూ చూసేవాళ్ల వైపు వచ్చి కింద పడింది. "గోటీ ఎక్కడ పడితే అది డౌన్." ఇంకెప్పుడూ ఎవరూ ఫ్యాన్ వైపు చూడలేదు.

తర్వాత సుద్దముక్కతో గద్దె మీద తొమ్మిది గడులు గీస్తాం. తొక్కుడుబిళ్ల ఆడినట్టే. ముందు వరుసలో కుడి, నడుమ, ఎడమ. మధ్య వరుసలో మూడు. వెనక మూడు. నేను "వెనక ఎడమ" అంటాను, వాళ్లు దూకుతారు. "ముందు నడుమ" అంటాను, మళ్లీ దూకుతారు. తప్పు గడిలో దూకినవాడు బయటికి వచ్చి మిగతావాళ్లకు హుకుం ఇవ్వాలి. అప్పుడు వాడు కింద నిలబడి వాళ్ల కుడిని తన బుర్రలో తిప్పుకోవాలి. ఓడినవాడే డైరెక్టర్ అవుతాడన్నమాట.

కాగితం మీదికి వచ్చేసరికి ఓ తమాషా జరిగింది. ఈ తొమ్మిది గడులను కాపీలో గీసి నంబర్లు వేయమన్నాను. తెలుగు మీడియం పిల్లలు ఎడమ నుంచి 1, 2, 3 వేశారు. ఉర్దూ మీడియం పిల్లలు కుడి నుంచి వేశారు. ఇద్దరిదీ రాసుకునే ఆదత్. పంచాయితీ నా దాకా వచ్చింది. మామూలుగా స్టేజీ నక్షాలో చూసేవాళ్లను కాగితం కింది అంచున పెడతారు. అప్పుడు స్టేజ్ రైట్ కాగితానికి ఎడమన పడుతుంది. పిల్లలకు తికమక ఇక్కడే. అందుకని కాగితం తిప్పించాను. చూసేవాళ్లను పై అంచున పెట్టుకుంటే, కాపీ పట్టుకున్న పిల్లవాడూ ఆడేవాడూ ఒకే దిక్కు చూస్తారు. కాగితం మీద కుడీ, స్టేజీ మీద కుడీ ఒకటైపోతాయి. నంబర్లు ఎటు నుంచి వేసినా సరే, అందరూ ఒక్క తీరుగా వేయాలి. ఓటింగ్ పెడితే కుడి నుంచి అన్నవాళ్లు గెలిచారు. మా కాపీల్లో స్టేజీ ఉర్దూలా చదవబడుతుంది.

మా చిన్నప్పుడు ఉర్దూ కితాబులో డ్రామా ఉంటే జమాత్‌లో అందరం వంతులవారీగా చదివేవాళ్లం. బ్రాకెట్లో ఉన్న 'రోతే హుయే', 'దాఖిల్ హోతా హై', 'పర్దా గిర్తా హై' కూడా డైలాగుతోపాటే గడగడా చదివేసేవాళ్లం. ఎవరూ ఏడ్చేవాళ్లు కాదు, ఎవరూ దాఖిల్ అయ్యేవాళ్లు కాదు, బెంచీల మీద కూర్చునే ఉండేవాళ్లం. డ్రామా అంటే చదివే చీజ్ అనుకుంటూ పెరిగిన తరం మాది. బ్రాకెట్లో ఉన్నది ఒళ్లు చేయాల్సిన పని అని ఈ పిల్లలకు మొదటి నెలలోనే తెలిసిపోయింది.

ఒళ్లు దగ్గరికి వచ్చేసరికి మన ఇళ్ల తమీజ్ అడ్డం వచ్చింది. స్టేజీ మీద ఇద్దరు మాట్లాడుకుంటే పూర్తిగా ఒకరి వైపొకరు తిరగకూడదు. అట్లా తిరిగితే చూసేవాళ్లకు చెవులే కనబడతాయి. ఒళ్లును పావువంతు హాలు వైపు తెరిచి ఉంచాలి. తెలియకుండా వీపు చూపించకూడదు, తెలిసి చూపిస్తే అదొక అదా. మన పిల్లలకు చిన్నప్పటి నుంచి నేర్పింది వేరు. పెద్దల ముందు నజర్ దించు. పెద్దలకు పీఠ్ చేయకు. బడేలోగ్ బాతాఁ చేస్తుంటే దర్వాజా దగ్గర నిలబడు. ఇవన్నీ మంచి ఆదతులే, వద్దనను. కానీ వాటివల్ల నా 14 మందిలో సగం మంది, నేను ఎక్కడ నిలబెట్టినా, రెండు నిమిషాల్లో జరిగి జరిగి వెనక గోడకు చేరుకునేవాళ్లు.

అందరికంటే ముందు గోడను చేరేది ఓ పిల్ల. ఉర్దూ మీడియం, ఏడో జమాత్. దుపట్టా కొస నోట్లో పెట్టుకుని, వీపు గోడకు ఆనించి నిలబడేది. అంతకుముందు స్టేజీ ఎక్కావా అని అడిగితే ఎక్కానంది. ఒక బడి సాలానా జల్సాలో మూడేళ్లు వరసగా 'హిందూ, ముస్లిం, సిఖ్, ఈసాయీ' వరుసలో నిలబడిందట. మూడేళ్లూ అదే నల్ల బురఖా, అదే చోటు, అదే చిన్న జెండా. "ఏమన్నా మాట్లాడినవా?" అంటే లేదంది. మీ పిల్లల్లోనూ ఈ వరుసలో నిలబడ్డవాళ్లు ఉండే ఉంటారు. ఫొటోలు మన అల్మారాల్లో కూడా ఉన్నాయి. ఆ వరుసను నేను బురా అనను. దానిలో నిలబడ్డ బచ్చీకి తను స్టేజీ మీద ఎక్కడుందో, ఎందుకక్కడుందో ఎవరూ చెప్పలేదు. అది నాకు కష్టమనిపించింది.

మేము ఆడే డ్రామా మా పిల్లలు అల్లుకున్నదే. ఓ నానీమా రేషన్ కార్డులో పేరు సరిచేయించుకోవడానికి దఫ్తర్‌కు పోతుంది. ఆమె అసలు పేరు ఖుర్షీద్ బేగం. కార్డులో ఒక్కో అక్షరం జారిపోయి 'కుర్సీ బేగం' అయింది. దఫ్తర్‌లో సాబ్ కుర్సీ దిగడు, నానీమాకు కుర్సీ చూపించడు. పేరులో మాత్రం కుర్సీ ఉంది. మన ఇళ్లలో ఇట్లా పేర్లు తిరగబడని ఖాందాన్ ఏది చెప్పండి? ఉర్దూలో ఒకటి, తెలుగులో ఒకటి, ఇంగ్లిష్‌లో ఇంకొకటి.

నానీమా పాత్ర ఆ పిల్లకే వచ్చింది. ఎవరెక్కడ నిలబడాలో పిల్లల్నే సోచాయించమన్నాను. దీన్నే 'బ్లాకింగ్' అంటారు. ఆమె సాబ్ టేబుల్‌ను ముందు గడిలో పెట్టింది, తాను వెనక నడుమ గడిలో నిలబడింది. "ఎందుకు?" అంటే, "దఫ్తర్‌ల అట్లనే ఉంటది కద చాచా. సాబ్ ముందు, మనం ఎనక." ముందుకు రమ్మని నేను అనలేదు. సరే, ఆడిచూద్దాం అన్నాను.

ఆడితే ఏమైందంటే, నానీమా వెనక నుంచి "సాబ్, జరా సునో" అనగానే సాబ్ వేషం వేసిన పిల్లవాడు జవాబు చెప్పడానికి వెనక్కి తిరగాల్సి వచ్చింది. తిరిగితే వాడి వీపు హాలుకు. నానీమా మొహం మాత్రం అందరికీ సీదాగా కనబడుతోంది. ఆమె మాట్లాడినప్పుడల్లా వాడు తిరగాలి. ఆఖరికి వాడు ఏడుపు మొహంతో, "చాచా, నా మొహం ఎవరికీ కనిపిస్తలేదు!" అన్నాడు. హాలంతా నవ్వు. ఇంగ్లిష్‌లో దీనికి 'అప్‌స్టేజింగ్' అనే పేరే ఉంది. వెనక నిలబడి, ముందున్నవాణ్ని తనవైపు తిప్పుకోవడం. ఆ పిల్ల దుపట్టా కొస నోట్లోంచి తీసి అడిగింది: "అయితే ఎనక ఉంటే కూడా మనదే నడుస్తదా?" నడుస్తది బేటీ, తెలిసి నిలబడితే. గోడకు ఆనుకోకు, గోడకు రెండడుగులు ముందు నిలబడు, చేతులు కనబడనీ. ఈ మూడు మాటలే చెప్పాను. మళ్లీ ఆమె గోడను తాకలేదు.

జల్సాకు పది రోజుల ముందు ఆమె అబ్బా వచ్చారు. "భాయ్, బిడ్డ పెద్దదైతున్నది. స్టేజీ ఎక్కితే అందరు చూస్తరు. పర్దా గురించి గుడ సోచాయించాలె కద." నేను మజ్‌హబ్ బహస్‌లోకి దిగలేదు. ఆ మనిషి నా దగ్గరికి ఫత్వా కోసం రాలేదు, ఫికర్‌తో వచ్చారు. "భాయిజాన్, అసలు ఫికర్ ఏంది?" అని అడిగాను. కాసేపు ఆగి, "ఎవడన్న వీడియో తీసి ఫోన్లల్ల తిప్పితే?" అన్నారు. ఆ ఫికర్ నాకూ ఉంది. నాకూ ఓ కూతురుంది. అందుకని ఓ కాయదా పెట్టుకున్నాం. ఫోన్లు దర్వాజా దగ్గరి థైలీలో వేసి లోపలికి రావాలి, నా ఫోన్ కూడా. ముందు ఓ రిహార్సల్‌కు వచ్చి చూడమన్నాను. వచ్చారు. దర్వాజా పక్కన ఆఖరి బెంచీలో కూర్చున్నారు. పోతూ పోతూ ఒక్క మాట అన్నారు: "ఆఖరి బెంచీ దాంక వినబడ్డది." ఆమె డ్రామా ఆడింది. వచ్చే సాల్ ఆడనిస్తారా అంటే, "చూద్దాం, ఇన్షా అల్లాహ్" అన్నారు. ఆ 'చూద్దాం'లో హాఁ ఎంతో నై ఎంతో నాకు తెలుసు, మీకూ తెలుసు.

మొహల్లాలో ఇంకో మాట కూడా వినబడింది. "యే హమారా కామ్ నై" అని. డ్రామా మనది కాదట. లక్నోలో 19వ శతాబ్దం నడుమ 'ఇందర్ సభా' రాసింది ఆగా హసన్ అమానత్. పార్సీ థియేటర్ కంపెనీలు ఆగా హష్ర్ కశ్మీరీ రాసిన ఉర్దూ డ్రామాలతో ఊళ్లు ఊళ్లు తిరిగాయి. హబీబ్ తన్వీర్ 1954లో 'ఆగ్రా బజార్' చేసినప్పుడు జామియా మిల్లియా విద్యార్థులతోపాటు ఓఖ్లా గ్రామస్థులను కూడా ఆడించారు. అది నజీర్ అక్బరాబాదీ షాయరీ మీద అల్లిన నాటకం. అందులో నజీర్ ఒక్కసారి కూడా స్టేజీ మీదికి రాడు. బజారంతా అతని కలామ్ పాడుతుంటుంది. స్టేజీ మీద లేనివాడు కూడా స్టేజీని నింపగలడని ఆ నాటకం చూపించింది. మన తెలుగులో చూస్తే, గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథకే మారుపేరయ్యారు. 1986లో పద్మశ్రీ వచ్చింది. బుర్రకథలో కథకుడు నడుమ, చెరో పక్క ఒక వంత. ఒకరు హాస్యానికి, ఒకరు రాజకీయానికి. పల్లెల్లో లక్షల మందిని నిలబెట్టిన ఆ కళలో ఎవరి చోటు వారికి ఖరారై ఉంటుంది.

ఇంట్లో మీరు కూడా పిల్లలతో ఇది చేయొచ్చు. షత్రంజీ పరిచి తొమ్మిది గడులు అనుకోండి. పది నిమిషాలు చాలు. నేర్పేటప్పుడు పిల్లలకు ఎదురుగా నిలబడకండి, పక్కన నిలబడండి. అప్పుడు మీ కుడీ వాళ్ల కుడీ ఒకటే. గడులు వచ్చాకే ఎదురుగా వెళ్లండి. ఓ చిన్న కథ ఇచ్చి, అమ్మీ ఎక్కడ, అబ్బా ఎక్కడ, మెహమాన్ ఎటు నుంచి వస్తాడు అని వాళ్లనే నిర్ణయించమనండి. మన ఇంటి గురించి పిల్లలు ఏమనుకుంటున్నారో ఆ నక్షాలో బయటపడుతుంది. ఓ పిల్లవాడు అమ్మీని ప్రతిసారీ వెనక కుడిలో, బావర్చీఖానాలోనే పెట్టేవాడు. రాసుకునేది పెన్సిల్‌తో రాయించండి, రోజూ మారుతుంటుంది.

ఇంకో ముచ్చట. ఎడమను 'ఉల్టా' అనకుండా 'బాయాఁ' అనండి. మాలో ఓ పిల్లవాడు ఎడమచేతివాటం. అన్నం సీదా హాత్‌తోనే తింటాడు, అది వేరే సంగతి. కానీ 'ఉల్టే' అన్న ప్రతిసారీ తననే తిడుతున్నట్టు ఉలిక్కిపడేవాడు. స్టేజీ మీద ఏ పక్కా ఉల్టా లేదు.

రంజాన్ తర్వాత కొత్త డ్రామా మొదలుపెడుతున్నాం. నానీమా వేసిన పిల్ల ఈసారి ఆడుతుందో లేదో అబ్బా ఇంకా చెప్పలేదు. కాపీ రాసే పని మాత్రం నాకిమ్మని అడిగి తీసుకుంది. డైలాగులు మిగతా పిల్లలు చెబుతుంటే, బ్రాకెట్లో ఎవరు ఎటు నుంచి రావాలో, ఎక్కడ నిలబడాలో ఉర్దూలో ఓసారి, కింద తెలుగులో ఓసారి పెన్సిల్‌తో తనే రాస్తున్నది.